గొంతులోని చిన్న గ్రంథి, వంటింటి ఉప్పు

మన శరీరమందు జరుగు పనులన్నియు కంటికి కనబడునవి కావు. చేయి కదలుటయు, కాలు నడచుటయు మనకు తెలియును. కాని తిన్న యన్నము చక్కెరయై రక్తములో చేరుటయు, ఆ చక్కెర వేడిగాను బలముగాను మారుటయు, బాలుని యెముక నెలనెలకు పొడవగుటయు మన కెరుక లేకయే జరుగుచుండును. ఒక గొప్ప కర్మాగారములో వేయి యంత్రములు తిరుగుచుండ, వాని వేగమును హెచ్చించుటకును తగ్గించుటకును ఎవరో యొకరు ఉండవలయును గదా. మన దేహమందు ఆ పని చేయునవి కొన్ని చిన్న గ్రంథులు.

లాలాజల గ్రంథికి నోటిలోనికి నాళము గలదు. చెమట గ్రంథికి చర్మము మీదికి ద్వారము గలదు. మేము చెప్పబోవు గ్రంథులకు అట్టి నాళము లేదు. కావున వీనిని వినాళ గ్రంథులందురు. ఇవి తమ రసమును నేరుగా రక్తములో కలుపును. రక్తము దానిని దేహమంతటికిని కొనిపోవును. ఇట్టి రసములకు 1905వ సంవత్సరమున స్టార్లింగ్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు హార్మోనులని పేరు పెట్టెను. ప్రేరేపించునవి యని గ్రీకు భాషలో దాని యర్థము.

మెదడు క్రింద బఠాణీగింజంత పీయూష గ్రంథి యున్నది. మూత్రపిండముల మీద టోపీలవలె అధివృక్క గ్రంథులున్నవి. కడుపులోని క్లోమమందు చిన్న దీవులవంటి కణసమూహములున్నవి; వానినుండి పుట్టు ఇన్సులిన్ కొరవడినను, దాని పని సాగకున్నను మధుమేహము కలుగును. ఈ రోగమును ఎరుగని కుటుంబము నేడు మన యూళ్లలో అరుదు గనుక దానిని గూర్చి విస్తరింపము. గొంతులో నున్న అవటు గ్రంథిని గూర్చియు, దాని వెనుక నంటియున్న మరి నాలుగు చిన్న గ్రంథులను గూర్చియు మాత్రమే ఇందు వ్రాయుచున్నాము. మనము తిను ఉప్పుతోను, త్రాగు నీటితోను వీనికి దగ్గర సంబంధమున్నది గనుకను, వీని రోగములను లోకులు తరచుగా రోగములని యెరుగక గుణదోషములని తలచుదురు గనుకను ఇట్లు ఎన్నుకొంటిమి.

అవటు గ్రంథిని థైరాయిడు అనియు చెప్పుదురు. అది రెక్కలు విప్పిన సీతాకోకచిలుక యాకారమున కంఠనాళమునకు ముందు వ్రాలియుండును. పెద్దవారిలో దాని బరువు సుమారు 20 గ్రాములు. మీరు కిరసనాయిలు లాంతరును చూచియుందురు. దాని ప్రక్కనున్న మరను త్రిప్పిన వత్తి పైకి వచ్చి వెలుగు హెచ్చును. వెనుకకు త్రిప్పిన మంట తగ్గును. అవటు గ్రంథి దేహమునకు అట్టి మర. దాని రసము థైరాక్సిన్. అది తగినంత యున్నప్పుడు ప్రతి కణమును తగినంత ప్రాణవాయువును వాడుకొని, తగినంత వేడిని పుట్టించును. రసము మిక్కుటమైనచో మంట హెచ్చి, ఎంత తిన్నను మనిషి చిక్కిపోవును, గుండె వడిగా కొట్టుకొనును, చేతులు వణకును, చెమట పట్టును, కొందరికి కనుగుడ్లు ముందుకు వచ్చినట్లు కనబడును. రసము తక్కువైనచో దీనికి వ్యతిరేకముగా నాడి మందగించును, చలి యెక్కువగా తోచును, చర్మము పొడిబారును, మలబద్ధకము కలుగును, గొంతు బొంగురుపోవును, రక్తములో కొలెస్టరాలను క్రొవ్వు పదార్థము పెరుగును, తిండి పెరుగకున్నను ఒడలు బరువెక్కును, బుద్ధి మబ్బు క్రమ్మినట్లుండును.

ఇచ్చట మా యనుభవమొకటి చెప్పక తప్పదు. చెప్పుటకు సిగ్గగుచున్నది, అయినను చెప్పుటయే మేలని తోచినది. కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతిలో ఒక బాలిక యుండెను. మొదట చక్కగా చదువుచుండినది. ఒక యేడాదిలో ఆమె మారిపోయెను. ప్రార్థనకు ఆలస్యముగా వచ్చును. మూడవ గంటకు కునుకుపాట్లు పడును. మార్చి నెల యెండలో సయితము చున్నీ భుజముల చుట్టు కప్పుకొని కూర్చుండును. ఎందుకట్లు ముడుచుకొని కూర్చుంటివని యడుగగా, "సార్, నాకు చలిగ ఉంది" అని చెప్పెను. తరగతి అంతయు నవ్వెను. మేమును అది సాకు అనుకొంటిమి. ఆమెను నల్లబల్ల ప్రక్క నిలువబెట్టితిమి. సోమరియని పదిమంది యెదుట పిలిచితిమి. ఇంటివారు దిష్టి తగిలినదని తలచి తాయెత్తు కట్టించిరి. ఆమెకు తగిలినది దిష్టి కాదు, మా మాటలు.

తరువాత బడి పిల్లలను పరీక్షింప వచ్చిన వైద్యురాలు ఆ బాలిక గొంతుమీద రెండు వ్రేళ్లుంచి, గుటక వేయుమని చెప్పి, గుటకతోపాటు పైకి లేచుచున్న చిన్న వాపును మాకు చూపెను. రక్తము పరీక్షించిరి. అవటు గ్రంథి మందగించినదని తెలిసినది. ప్రతి ఉదయము పరగడుపున ఒక చిన్న మాత్ర వేసికొనుమనిరి. కొన్ని మాసములలో ఆమె మునుపటి బాలిక యాయెను. మేము ఆమెను పిలిచి, మా తప్పును మన్నింపుమని యడిగితిమి. ఆమె తల వంచుకొని, "నాకు కూడ తెలియలేదు సార్" అని మాత్రమే చెప్పెను. ఉపాధ్యాయ కళాశాలలో మాకు బోధనాపద్ధతులనేకములు నేర్పిరి. పిల్లవాడు చదువకున్నచో మొదట వాని కన్నులు, చెవులు, గొంతు చూడవలెనను పాఠమును ఈ బాలిక నేర్పినది.

ఈ రోగమెట్లు కలుగునో తెలిసికొందము. థైరాక్సిన్ తయారగుటకు టైరోసిన్ అను పదార్థమును, అయోడిన్ అను మూలకమును కావలయును. ఒక్కొక్క థైరాక్సిన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులుండును. దేహములోని కణములు వానిలో నొకదానిని తీసివేసి, మూడు గలదానిని పనికి వాడుకొనును. అయోడినును 1811లో కూర్త్వా అను ఫ్రెంచి దేశస్థుడు సముద్రపు నాచు బూడిదనుండి కనుగొనెను. అది అవటు గ్రంథిలో నున్నదని 1895లో బౌమన్ అను జర్మను రసాయనజ్ఞుడు చూపెను. అంతకు ముందే, 1891లో ఇంగ్లండునందు మరే అను వైద్యుడు గొఱ్ఱె అవటు గ్రంథి రసమును ఒక రోగిష్ఠియైన స్త్రీకిచ్చి బాగుచేసెను. ఆమె ఆ వైద్యముతో మరి 28 సంవత్సరములు బ్రతికెను. 1914వ సంవత్సరము క్రిస్మసు పండుగ నాడు అమెరికాలో కెండల్ అను శాస్త్రజ్ఞుడు థైరాక్సినును శుద్ధమైన స్ఫటికములుగా వేరుచేసెను. ఈనాడు రోగులు వేసికొను మాత్రలో నున్నది ప్రయోగశాలయందు తయారైన ఆ పదార్థమే.

గ్రంథి ఎంత రసము చేయవలయునో నిర్ణయించునది మెదడు క్రిందనున్న పీయూష గ్రంథి. రక్తములో థైరాక్సిన్ తగ్గినచో అది టి.ఎస్.హెచ్. అను తన హార్మోనును హెచ్చుగా పంపి, ఇంకను పనిచేయుమని అవటు గ్రంథిని తొందర చేయును. ఇటుకలు లేని తాపీ పనివానిని మేస్త్రి కేకలు వేసిన నేమి ప్రయోజనము? అయోడిన్ లేని గ్రంథి ఆ తొందరకు రసమును చేయజాలక, తాను మాత్రము పెరిగిపోవును. ఇదియే గొంతువాపు, గళగండము, గాయిటర్ అని పిలువబడు రోగము. అయోడిన్ కొరత లేని చోట్ల సయితము ఈ గ్రంథి మందగింపవచ్చును. రోగములనుండి కాపాడవలసిన దేహరక్షక శక్తియే పొరబడి, తన గ్రంథిని పరాయిదానివలె భావించి కొట్టుచుండును. దీనిని 1912లో హషిమోటో అను జపాను వైద్యుడు వర్ణించెను. పురుషులకంటె స్త్రీలలో ఇది హెచ్చు. మా తరగతి బాలికకు కలిగినది ఇదియేయని వైద్యులు చెప్పిరి. రక్తములో టి.ఎస్.హెచ్. కొలిచినచో, మేస్త్రి కేక యెంత బిగ్గరగా నున్నదో తెలిసి, గ్రంథి స్థితి బయటపడును.

ఇక లెక్క చేయుడు. పెద్దవానికి దినమునకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. గర్భిణికి 250. ఒక మైక్రోగ్రాము అనగా గ్రాములో పది లక్షలవ వంతు. దినమునకు 150 చొప్పున 70 సంవత్సరములకు లెక్కించిన నాలుగు గ్రాములు నిండదు. మనిషి జీవితకాలమున కంతటికిని ఒక చెంచాడైన అక్కరలేదన్నమాట! అయినను ఆ కొంచెమును దేహము తనంతట చేసికొనలేదు. ఒక్కమారే తిని దాచుకొనను లేదు. దినదినమును అందవలయును. తల్లి గర్భములో నున్నప్పుడును, పుట్టిన తరువాత మొదటి రెండు మూడు సంవత్సరములలోను ఇది బొత్తిగా అందనిచో శిశువు మెదడు సరిగా పెరుగదు. చెవుడు, మూగతనము, మరుగుజ్జుతనము, మందబుద్ధి కలుగును. పెద్దవారి గొంతువాపు మందుతో తగ్గవచ్చును గాని, అప్పుడు చెడిన మెదడును తరువాత ఏ మందును బాగుచేయలేదు. అందుచేతనే అనేక దేశములలో పుట్టిన శిశువు మడమనుండి ఒక రక్తపు చుక్క తీసి ఈ గ్రంథిని పరీక్షించుచున్నారు. గ్రంథి లేక పుట్టిన శిశువునకు సయితము మొదటి రెండు వారములలో వైద్యమారంభించిన యెడల తక్కిన పిల్లలవలెనే పెరుగును.

అయోడిన్ నేలలో నుండును. వానలును వరదలును కొండలమీది మన్నును కడిగి, దానిని సముద్రమునకు చేర్చును. కావున కొండసీమలలోని పంటలందును నీటియందును అది కొరవడును. చేపలు, గ్రుడ్లు, పాలు మొదలగువాని వలన కొంత లభించును గాని, అవి దినమును తినగలవారు కొందరే. ఉప్పు తినని వారెవరును లేరు. అందుచే అయోడినును ఉప్పులో కలుపుట మేలని పెద్దలు కనిపెట్టిరి. 1917 మొదలుకొని అమెరికాలో అక్రన్ అను పట్టణపు బడి బాలికలకు మెరైన్ అను వైద్యుడు అయోడిన్ ఇచ్చి, దానిని పుచ్చుకొనిన వారిలో గొంతువాపు బహు స్వల్పమని రుజువు చేసెను. 1922లో స్విట్జర్లండు దేశము అయోడిన్ కలిపిన ఉప్పును అమ్మనారంభించెను.

మన దేశములో ఈ మేలు నిరూపించినవారిలో ముఖ్యుడు మన తెలుగువాడే. డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఆక్స్‌ఫర్డుకు పోయి పరిశోధన నేర్చివచ్చిరి. 1956లో ఆయనయు సహచరులును హిమాలయముల దాపున కాంగ్రా లోయలో సుమారు లక్షమంది జనులు గల ప్రదేశమును మూడు భాగములు చేసిరి. రెండు భాగములకు అయోడిన్ కలిపిన ఉప్పును, మూడవ దానికి మామూలు ఉప్పును పంపిరి. కొన్ని సంవత్సరములలో మొదటి రెండింటను గొంతువాపు చాల తగ్గెను, మూడవదానిలో తగ్గలేదు. అటుపిమ్మట మూడవ భాగమునకును మంచి ఉప్పునే పంపగా అచ్చటను తగ్గెను. ఆ పరిశోధన సాగుచుండగనే, 1962లో భారత ప్రభుత్వము జాతీయ గళగండ నివారణ కార్యక్రమమును ప్రారంభించెను. అయోడిన్ లేని ఉప్పును తినుటకై అమ్మరాదను నిషేధము 2006 మే నెలలో మరల దేశమంతట అమలులోనికి వచ్చెను.

అట్లయిన మన తల్లాడలో ఈ మాట యెందుకని మీరడుగవచ్చును. తల్లాడ కూడలిలో నిలిచి చూడుడు. ఖమ్మమునుండి వచ్చు దారి ఇచ్చట చీలి, ఒకటి సత్తుపల్లికిని, ఒకటి కొత్తగూడెమునకును పోవుచున్నది. రెండవ దారిని పోయినకొలది పొలములు తగ్గి అడవి దగ్గరపడును. భద్రాచలము దాటిన తరువాత కోయలు, కొండరెడ్లు నివసించు గూడెములున్నవి. అచ్చటి ఉప్పంతయు సంతలో కొన్నదే. మన యిండ్లలోను ఆవకాయకు, పచ్చళ్లకు, కొందరికి నిత్యపు వంటకు సయితము గల్లుప్పే ప్రీతి. సముద్రపు ఉప్పు గనుక దానిలో అయోడిన్ సహజముగా నుండునని అనేకులు నమ్ముదురు. ఇది పొరబాటు. ఉప్పు మళ్లలో ఎండిన గల్లులో మిగులు అయోడిన్ లెక్కకు రానంత స్వల్పము. కలిపిననే గాని ఉండదు.

ఒకనాడు మా విద్యార్థులను తమ తమ యిండ్లనుండి చిటికెడు ఉప్పు కాగితపు పొట్లములలో తెమ్మంటిమి. పరీక్షాద్రవమును ఒక్కొక్క చుక్క వేసితిమి. అయోడిన్ గల ఉప్పు నీలిరంగుకు తిరిగెను. కొన్ని పొట్లములు మాత్రము తెల్లగనే యుండిపోయెను. వానిలో హెచ్చు గల్లుప్పులే. తెల్లగా మిగిలిన పొట్లము తెచ్చిన బాలుడొకడు సాయంకాలము ఇంటికి పోయి తల్లితో ఏమి చెప్పెనో మేమెరుగము. మరునాడు వాడు క్రొత్త పొట్లము తెచ్చి మరల పరీక్షింపుమనెను. పాఠము ఇల్లు చేరినదని మాకు తెలిసినది.

ఇప్పుడు అవటు గ్రంథి వెనుకనున్న నాలుగు చిన్నవానిని చూతము. ఇవి ఒక్కొక్కటి బియ్యపుగింజంత యుండును. పార్శ్వ అవటు గ్రంథులని వీని పేరు. రక్తములోని సున్నపు ధాతువును, అనగా కాల్షియమును, సమముగా నుంచుట వీని పని. నూరు మిల్లీలీటర్ల రక్తద్రవములో అది సుమారు 9 మొదలు 10 మిల్లీగ్రాములుండవలయును. చాల తగ్గినచో కండరములు కొంకర్లు పోవును. తగ్గుచున్నదని తెలిసినతోడనే ఈ గ్రంథులు తమ రసమును విడిచి, ఎముకలనుండి కాల్షియమును తీసి రక్తములో చేర్చును. భాస్వరమును మూత్రముద్వారా వెలుపలికి పంపును. ఇట్లు రక్తములోని భాస్వరము ఈ గ్రంథుల నడతను తెలుపును. ఆ భాస్వరమును నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ఫిస్కే అను తన గురువుతో కలిసి కనిపెట్టినవాడు 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఫిస్కే సుబ్బారావు పద్ధతియని లోకమంతటను దానికి పేరు.

ఈ గ్రంథుల కష్టము 2016కు పూర్వము మన పొరుగు జిల్లాయై యుండిన నల్లగొండలో కనబడినది. అచ్చటి అనేక గ్రామములలో భూగర్భజలమునందు ఫ్లోరైడు అధికము. ఫ్లోరైడు దేహములోని కాల్షియమును పట్టి యెముకలయందు పేర్చును. రక్తమునకు కాల్షియము కొరవడగా ఈ గ్రంథులు ఎముకలను మరల కరగదీయనారంభించును. ఒకవైపు పేర్పు, ఒకవైపు కోత. పాలు, పుష్టికరమైన ఆహారము లేని పిల్లలలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానినొకటి రాచుకొనును. ఇట్టి పిల్లలను గూర్చి 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అను వైద్యులు లోకమునకు తెలిపిరి. పటికతోను సున్నముతోను నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి నల్లగొండ పద్ధతియనియే పేరు వచ్చెను. 2016 మొదలుకొని మిషన్ భగీరథ ద్వారా నదీజలములను ఇండ్లకు చేర్చుచున్నారు. వంగిన కాళ్లు గల పెద్దలు ఆ గ్రామములలో ఇంకను నడచుచున్నారు. వారి నడకను చూచి నవ్వువారు తమ నీటికి కృతజ్ఞతలు చెప్పుకొనుట మంచిది.

విద్యార్థులారా, ఈ రెండు కథలనుండి మీరు గ్రహింపవలసినవి కొన్ని గలవు. ఉప్పు కొనునప్పుడు పొట్లముమీద అయోడిన్ కలిపినదని వ్రాసియున్నదో లేదో చూడుడు. దానిని మూతగల డబ్బాలో, తడియు ఎండయు తగులనిచోట నుంచుడు; తెరచియుంచిన అయోడిన్ తగ్గిపోవును. వంట దింపునప్పుడు ఉప్పు వేయుట మేలు. అయోడిన్ మంచిదని ఉప్పును హెచ్చుగా తినరాదు, రక్తపుపోటు కలుగును. మితిమీరిన అయోడినును కీడే. గర్భిణులు థైరాయిడు పరీక్ష చేయించుకొనవలయును. మాత్రలు వాడువారు బాగున్నదని తమంతట మానరాదు. ఒడలు తగ్గుటకై వైద్యుడు చెప్పనిదే ఎవరును ఆ మాత్రలు మ్రింగరాదు; గుండెకు అపాయము.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. మీ ప్రక్కన కూర్చున్నవాడు నిద్రపోవుచున్న యెడల, లావగుచున్న యెడల, మందముగా మాటలాడుచున్న యెడల, వానికి పేరు పెట్టకముందు వాని కేమి కష్టమో అడుగుడు. దేహములోపలి రసాయనము తప్పినచో ఎంతటి బుద్ధిమంతుడైనను మొద్దుగా కనబడును. మన ప్రభువు కొండమీద బోధించుచు తన శిష్యులను ఉప్పుతో పోల్చెను. ఉప్పు తాను కనబడక కూరయంతటిలో కలిసి మేలుచేయును. మీరును మీ మీ గ్రామములకు పోయినప్పుడు, అడవి యంచుననున్న గూడెమునకు పోయినప్పుడు, ఈ చిన్న సంగతిని నలుగురికి చెప్పుడు. చిటికెడు ఉప్పు వలన ఒక శిశువు చెవులు వినును. ఒక్క ప్రశ్న వలన తరగతిలో ఒక బాలిక నల్లబల్ల ప్రక్క నిలువవలసిన పని తప్పును.